పడవలో పొయ్యి

"పొయ్యా? పడవల పొయ్యి పెడ్తవా? పెట్టి, పిల్లను దాని పక్కన పండబెడ్తవా?"

"జర మెల్లగ మాట్లాడు కుసుమా. అందరు వింటున్నరు."

"విననియ్. తెలుగొచ్చినోడు ఎవడున్నడిక్కడ?"

ఒకడున్నాడు. పక్కనే గట్టు మీదికెక్కించిన పడవ కింద వెల్లకిలా పడుకుని, దాని పొట్టకు పట్టిన గుల్లల్ని గీకుతున్న గౌతమ్‌ది గుంటూరు. ఆ మాట చెవిన పడగానే బయటికొచ్చి నమస్కారం పెట్టే సందర్భం కాదు గనక, ఇంకాస్త గట్టిగా గీకడం మొదలుపెట్టాడు.

"పోయిన చలికాలం ఏమైంది? పరుపు మీద చెయ్యి పెడితే తడి. దిండు తడి. పిల్లకు నెల దాక పిల్లికూతలు ఆగలే. ఇన్‌హేలర్ పట్టుకొని కూసున్నది నువ్వా నేనా?"

"అందుకే గదా పొయ్యి పెడ్తున్న. పక్క పడవ బ్రెట్ ఇస్తుండు. ఆయన పడవల ఎన్నేండ్ల నుంచో ఉన్నది."

"ఆయన పడవల పిల్లలున్నరా?"

"కుక్క ఉన్నది."

"కుక్కకూ అక్షరకూ ఒకటే లెక్కనా నీకు?"

పాండురంగ రేవు చెక్కల సందుల్లోంచి కింద బురదనీళ్ళని చూస్తూ నిలబడ్డాడు. కుసుమ వృద్ధాశ్రమంలో డ్యూటీ దిగి, యూనిఫాం మీదే వచ్చింది. కాళ్ళు నొప్పులు, ఇంకా టకానినిలో అన్న ఇంటి దాకా డ్రైవ్ చేసుకుంటూ వెళ్ళాలి. అందుకని మాట తేల్చేసింది.

"చలికాలం అయ్యేదాక పంప. అక్టోబర్ల చూద్దాం."

"అక్టోబర్ దాక పిల్లను చూడొద్దా?"

"ఇంటికొచ్చి చూడు. ఎవరొద్దన్నరు?"

"మీ అన్న ముంగట సోఫల కూసొని, చాయ్ తాగి, నా బిడ్డను సుట్టంలెక్క చూడాల్నా?"

కుసుమ కారు తాళాలు తీసింది, మళ్ళీ ఆగింది. ఆ మాత్రం మెత్తదనం ఆమెలో ఇంకా మిగిలుంది. "వెచ్చగ, పొడిగ ఉంటే పంపుత. నేనే వచ్చి చూస్త. చెయ్యి పెట్టి చూస్త" అని వెళ్ళిపోయింది.

పాండురంగకు ఆ చలికాలం మొత్తం అంతే. బిడ్డ కావాలంటే పడవ ఆరాలి.

పాండురంగది నల్గొండ వైపు పల్లె. చదువుకోవడానికని ఆక్లండ్ వచ్చాడు. చదివింది తక్కువ, మౌంట్ రాస్కిల్ డెయిరీలో, అంటే ఇక్కడి వీధి చివరి కిరాణా కొట్లో, కౌంటర్ వెనక నిలబడి పాలూ రొట్టెలూ సిగరెట్లూ అమ్మింది ఎక్కువ. ఆ సర్టిఫికెట్ ఏ పనికీ రాదని అది చేతికొచ్చాక గానీ తెలియలేదు. తర్వాత ఈ పడవల యార్డులో చేరాడు. గీకడం, రుద్దడం, రంగు వెయ్యడం. పాండురంగ అని నోరు తిరక్క కివీలు 'పాండా' అన్నారు. ఎలుగుబంటి పేరైతేనేం, పిలిస్తే పలకాలి గదా అని పలికాడు.

కుసుమతో పెళ్ళయి మౌంట్ ఆల్బర్ట్‌లో కాపురం పెట్టారు. గోడలకు బూజు పట్టిన ఫ్లాట్. ఆమెది రాత్రి డ్యూటీ, అతనిది పగటి డ్యూటీ. ఒకే మంచాన్ని ఇద్దరూ వేర్వేరు వేళల్లో వాడుకున్నారు. అక్షర పుట్టడానికి వాళ్ళకెప్పుడు తీరిక దొరికిందో వాళ్ళకే తెలియాలి. విడిపోయినప్పుడు ఎవరూ ఎవర్నీ కొట్టలేదు, మోసం చెయ్యలేదు, దొంగచాటు ఫోన్లు దొరకలేదు. అందుకే చుట్టాలకు చెప్పడానికి కథ లేకపోయింది. కథ లేని విడాకులకు మనవాళ్ళలో విలువుండదు. తప్పు మగవాడిదేనని సగం మంది, ఆడదానిదేనని సగం మంది పంచుకుని ఊరుకున్నారు.

కుసుమ పిల్లను తీసుకుని టకానినిలో అన్న శ్రీనివాసమూర్తి కట్టుకున్న కొత్తింటికి వెళ్ళింది. పాండురంగ గది కోసం తిరిగాడు. దొరికినవన్నీ కుర్రాళ్ళ ఫ్లాట్లు, గదికి ఇద్దరు ముగ్గురు. "శని ఆదివారాలు మా పాప వస్తది" అంటే "పాపా? కష్టం అన్నా" అనేవాళ్ళు. వాళ్ళదీ తప్పు కాదు. పొద్దస్తమానం లుంగీల్లో తిరిగే కొంపలో ఎనిమిదేళ్ళ ఆడపిల్ల ఎక్కడ పడుకుంటుంది? సరిగ్గా అప్పుడే యార్డులో ఎవరో వదిలేసి పోయిన పాత చెక్కపడవ కనబడింది. ఓనర్ దాన్ని విరగ్గొట్టించాలనుకుంటుంటే, నాకివ్వమని అడిగాడు. మన టేకులాంటి కౌరీ చెక్క, ఇంజన్ లేదు, లోపల ఒక మూల చిన్న పడక. ఆ పడకను చూసే తీసుకున్నాడు. ఊళ్ళో వాళ్ళు మాత్రం, పాండురంగకు పిచ్చిలేసి నీళ్ళలో కాపురం పెట్టాడన్నారు.

ఆక్లండ్ చలి గురించి తెలియనివాళ్ళకు ఒకమాట. ఇక్కడ చలికాలం జూన్‌లో మొదలవుతుంది. మంచు కురవదు, నీళ్ళు గడ్డకట్టవు, ఇంటికి పంపడానికి ఒక్క ఫోటో కూడా రాదు. ఊరికే వాన. తడిపి, నానబెట్టి, నాలుగు నెలలపాటు ఎముకల్లోకి మెల్లగా దిగుతుంది. పడవలో అయితే మనిషి వదిలిన ఊపిరే చెక్కకు పట్టి, బొట్లుబొట్లుగా మళ్ళీ వాడి మీదే పడుతుంది.

బ్రెట్ ఇచ్చిన పొయ్యి పెద్ద నూనె డబ్బా అంత ఉంటుంది. దళసరి ఇనుము, ముందు అద్దం తలుపు, కింద గాలి వదలడానికి చిన్న కంత. బ్రెట్ ఒకప్పుడు ప్లంబర్. పొగగొట్టం పైకప్పులోంచి ఎక్కడ బయటికి తియ్యాలో సుద్దముక్కతో గీసిచ్చాడు. యార్డులో అతనితో పనిచేసే గౌతమ్ కప్పుకు కన్నం చేశాడు. వెనక గోడకు రేకు కొట్టి, పొయ్యిని నేలకు బోల్టులతో బిగించారు. బ్రెట్ కుక్క మధ్యలో పడుకుని ముగ్గుర్నీ చూసింది.

"సముద్రంలో కొట్టుకొచ్చిన కట్టె వద్దు, ఉప్పు ఇనుమును తినేస్తుంది" అన్నాడు బ్రెట్. "యార్డులో పడుండే పచ్చరంగు పైన్ ముక్కలు అసలే వద్దు. అది మందు పట్టించిన చెక్క. పొగ పీలిస్తే పోతావు. మనుకా కట్టె కొనుక్కో, పిడికిలంత ముక్కలు చేసుకో."

"నాకు పొయ్యి గురించి చెప్తున్నావా? మా అమ్మ నన్ను కట్టెల పొయ్యి మీదే పెంచింది" అని నవ్వాడు పాండురంగ.

"మీ అమ్మ వంటింటి కప్పు దేంతో వేసింది?"

"తాటాకు."

"అదీ తేడా. పొగ దాని దారిన అది పోయేది. ఇది సీసా. మూత బిగించిన సీసాలో నిప్పు పెట్టుకుంటున్నావు." బ్రెట్ జేబులోంచి అరచేయంత తెల్ల డబ్బా తీశాడు. పొగకూ మోగుతుంది, కంటికి కనబడని విషవాయువుకూ మోగుతుంది. పడక పైన కప్పుకు తనే బిగించాడు. "లోపల నిప్పున్నంతసేపూ ఇది బతికుండాలి. నువ్వు నిద్రపోయినా ఇది పోకూడదు."

కుసుమ అన్నట్టే వచ్చింది. అక్షరను వాకిట్లో, అంటే రేవు మీద, నిలబెట్టి తను లోపలికి దిగింది. పడవ గోడ చెక్కకు అరచెయ్యి ఆనించింది. పరుపెత్తి కింద తడిమింది. దుప్పటి ముక్కు దగ్గర పెట్టుకుని వాసన చూసింది. పాండురంగ పెళ్ళిచూపులప్పుడు కూడా అంత భయపడలేదు.

"అలారం ఉన్నదా?"

"అగో."

"మోగుతదా?"

అతను బొత్తాం నొక్కాడు. అది కీచుమని అరిచింది. పైన అక్షర చెవులు మూసుకుని నవ్వింది.

"సరే" అంది కుసుమ. "శనివారం తీస్కొస్త."

ఆ తర్వాత వచ్చిన శని ఆదివారాలు పాండురంగ బతుకులో మంచివని చెప్పుకోదగ్గవి. అక్షర మెట్లు దిగుతూనే షూస్ విసిరేసి "డాడ్, కెన్ ఐ ఫీడ్ ఇట్?" అనేది. పొయ్యి తలుపు తీసి ఒక్కో కట్టెముక్క లోపల పెట్టడం దాని పని. తండ్రి తెలుగులో అడిగితే పిల్ల ఇంగ్లీషులో చెప్పేది.

"బడిల ఏం చెప్పిన్రే?"

"నథింగ్."

"పొద్దంత నథింగ్ చెప్పిన్రా?"

"యా."

కిటికీ అద్దాల మీద చెమ్మ లేదు. దుప్పటి కరకరలాడుతోంది. పిల్ల నిద్రపోతే పాండురంగ చెవి దగ్గర పెట్టి ఊపిరి వినేవాడు. కూతల్లేవు, ఈలల్లేవు. తను బతుకులో ఒక్క పని సక్రమంగా చేశానని అతనికి అనిపించింది ఆ రోజుల్లోనే. అలా అనిపించడమే అన్నిటికన్నా చెడ్డది.

ఇక పోపు సంగతి చెప్పాలి.

ఆక్లండ్‌లో మనవాళ్ళ ఏ ఫ్లాట్‌కైనా వెళ్ళి ఒకసారి తలెత్తి కప్పు చూడండి. పొగ అలారానికి షవర్ క్యాప్ తొడిగి ఉంటుంది, లేకపోతే ప్లాస్టిక్ సంచి కట్టి ఉంటుంది. నూనెలో ఎండుమిర్చి పడితే కొంప అంటుకుందనుకునే యంత్రం అది. మనం తినే తిండి దాని లెక్కలో ప్రమాదం. ఇల్లు తనిఖీకి వస్తున్నారంటే ఆ పొద్దున క్యాప్ తీస్తాం, వాళ్ళ కారు మలుపు తిరగ్గానే తొడుగుతాం. ఇంజనీర్లూ తొడుగుతారు, నర్సులూ తొడుగుతారు, గుళ్ళో ప్రసాదం వండే అయ్యగారూ తొడుగుతాడు. ఒక్కడికీ తప్పనిపించదు.

పడవలో మొదటిసారి పప్పుచారుకు పోపు పెట్టినప్పుడు అలారం గోల గోల చేసింది. అక్షర దిండులో తల దూర్చింది, బ్రెట్ కుక్క మొరిగింది, బ్రెట్ మంటలార్పే సిలిండర్ పట్టుకుని పరిగెత్తుకొచ్చాడు. "సూప్, సూప్" అని పాండురంగ గరిటె చూపించాల్సి వచ్చింది. అప్పట్నుంచీ పోపుకు ముందు అలారం బ్యాటరీ ఊడదీసి, కళ్ళెదురుగా చెక్కబల్ల మీద పెట్టుకుని, గిన్నె దించగానే మళ్ళీ పెట్టేసేవాడు. ప్రతిసారీ పెట్టాడు. జాగ్రత్తగల మనిషే.

జులైలో ఒక ఆదివారం. వాన పొద్దున్నుంచే పట్టుకుంది. "రెడ్ సూప్ చెయ్యవా డాడ్" అంది అక్షర. దానికి చారు పేరు అది. ఆ నాలుగు ముక్కల్లో ఒక తెలుగు మాట దొర్లినందుకు తండ్రి పొంగిపోయాడు. చింతపండు పిసికాడు, పప్పు మెదిపాడు. బ్యాటరీ తీసి బల్ల మీద పెట్టాడు. ఆవాలు చిటపటలాడాయి, మిర్చి నల్లబడింది, పోపు చారులో పడి చుయ్యిమంది. గిన్నె దించబోతుంటే కాలువలో ఎవడో మోటారు పడవను దూకుడుగా తోలుకుపోయాడు. ఆ అలకు పడవ ఒక్క ఊపు ఊగింది. చారు సగం నేల మీద, కొంచెం అతని కాలి మీద. పిల్ల మీద పడలేదు గదా అని చూసుకుని, ఊపిరి పీల్చుకుని, గుడ్డ తెచ్చి తుడిచాడు. బల్ల మీద వస్తువులన్నీ దొర్లిపోతే ఏరి పెట్టాడు. బ్యాటరీ ఏ మూలకో పోయింది. అది దొర్లిపోయిందన్న సంగతే అతనికి తట్టలేదు.

మిగిలిన చారుతో అన్నం కలిపి పెట్టాడు. పిల్ల ముక్కు కారుతున్నా వదలకుండా తిన్నది. కడుపునిండా తిన్నాక, వాన చప్పుడుకు ఇద్దరికీ కళ్ళు మూతలు పడ్డాయి. పొయ్యిలో రెండు ముక్కలు వేసి, నిదానంగా కాలాలని కింద గాలి కంత బాగా తగ్గించి, పిల్ల పక్కన నడుం వాల్చాడు.

మధ్యాహ్నం గాలి తిరిగింది. దక్షిణం గాలి ఇక్కడ చెప్పి రాదు. పొగగొట్టం నోట్లోకి నేరుగా కొట్టి, పైకి పోవాల్సినదాన్ని కిందికి తోసింది.

బ్రెట్ కుక్కను తిప్పుకుని వస్తున్నాడు. పాండా పడవ గొట్టంలోంచి పొగ రావడం లేదు. మెట్ల మూత అంచుల్లోంచి సన్నగా పాకుతోంది. ప్లంబర్‌గా బతికినవాడికి ఆ రెండూ కలిపి చూస్తే వేరే ఏమీ అక్కర్లేదు. మూత పీకి లోపలికి దూకాడు.

పాండురంగకు గుర్తున్నది ఇంతే: ఎవరో భుజం పట్టి ఈడుస్తున్నారు, లేవబోయి మళ్ళీ పడ్డాడు, తల సుత్తితో కొడుతున్నట్టుంది. బ్రెట్ చేతుల్లో అక్షర తడిగుడ్డలా వేలాడుతోంది. రేవు చెక్కల మీద, వానలో, పిల్ల భళ్ళున కక్కుకుంది. అన్నం, పప్పు, ఎరుపు. అది కక్కడం చూసి బ్రెట్ "గుడ్ గర్ల్, గుడ్ గర్ల్" అంటూ ఏడ్చాడు.

పిల్ల బతికింది. ఆసుపత్రిలో ఆక్సిజన్ పెట్టారు. మర్నాటికి కార్టూన్లు అడిగింది, జెల్లీ అడిగింది. అంతవరకూ దేవుడి దయే.

కానీ ఆ మొదటి సాయంత్రం వార్డు బయట ఒక డాక్టరమ్మ అడిగింది. "పడవలో అలారం ఉందా?"

"ఉంది" అన్నాడు పాండురంగ.

"మరి మోగలేదా?"

అతను నేల చూశాడు. కుసుమ అక్కడే, గోడకానుకుని నిలబడి ఉంది. పరిగెత్తుకొచ్చిన ఆయాసం ఇంకా తగ్గలేదు. డాక్టరమ్మకు అర్థం కాకుండా, తెలుగులో, చాలా మెల్లగా అడిగింది.

"ఏం వండినవ్?"

"పప్పుచారు."

"పోపు పెట్టినవా?"

కుసుమ వెళ్ళి కుర్చీలో కూలబడింది. తిడుతుందనుకున్నాడు. తిడితే బాగుండేది. మౌంట్ ఆల్బర్ట్ ఫ్లాట్‌లో రోజూ స్టూలెక్కి అలారానికి షవర్ క్యాప్ తొడిగింది కుసుమే. 'నువ్వు పొట్టోనివి, నీకు అందదు' అని నవ్వుతూ తొడిగేది. ఆ సంగతి ఇద్దరికీ ఒకేసారి గుర్తొచ్చింది. ఒకరి మొహం ఒకరు చూసుకోకపోవడంలోనే అది తెలిసిపోయింది. ఇద్దరూ చేసిన తప్పు ఒకటే. పడవలో ఉన్నవాడి మీద పడింది.

తిట్టే పని శ్రీనివాసమూర్తి తీసుకున్నాడు. "నేను ముందే చెప్పిన. ఇల్లు లేనోనికి పిల్ల ఎందుకు? పొయ్యిల పెట్టి చంపబోయిండు" అని వార్డంతా వినబడేటట్టు అన్నాడు. ఆయన టకానిని ఇంట్లోనూ అలారానికి ప్లాస్టిక్ సంచే కట్టి ఉంది. గట్టి గోడల ఇల్లు గనక సంచి సంచిగానే ఉంది.

తర్వాత లాయర్లు మాట్లాడుకున్నారు. పాండురంగ దేనికీ అడ్డం చెప్పలేదు. పిల్ల ఇక పడవెక్కకూడదు. వారం విడిచి వారం, ఆదివారం పూట రెండు గంటలు, నలుగురూ తిరిగే చోట, టకానినిలోనే చూసుకోవచ్చు. కాకపోతే కుసుమకు నమ్మకమున్న పెద్దమనిషి ఒకరు పక్కన కూర్చోవాలి. తండ్రిని కాపలా కాయడానికి. మనిషి రాకపోతే ఆ వారం లేనట్టే.

మొదట్లో శ్రీనివాసమూర్తి కూర్చున్నాడు. లైబ్రరీలో ఎదురుగా కుర్చీ వేసుకుని, చేతులు కట్టుకుని, దొంగను చూసినట్టు చూస్తూ కూర్చున్నాడు. తండ్రి పిల్లకు చాక్లెట్ ఇస్తే "అందుల ఏమున్నదో చూసి ఇచ్చినవా?" అనేవాడు. అక్షర మామ మొహమూ నాన్న మొహమూ మార్చి మార్చి చూసి, పుస్తకంలో తలపెట్టి ఎత్తేది కాదు. కొన్నాళ్ళకు ఆయనకూ విసుగొచ్చింది. "ఆదివారం క్రికెట్ ఉంటది నాకు. నీ డ్యూటీ ఎన్నొద్దులు చెయ్యాలె?" అన్నాడు. బ్రెట్ వస్తానన్నాడు గానీ కుసుమ ఒప్పుకోలేదు. పిల్లను బతికించినవాడే. అయినా పొయ్యి ఇచ్చినవాడు. అలా ఒక ఆదివారం పోయింది. తర్వాతదీ పోయింది.

సెప్టెంబర్ చివర ఒక సాయంత్రం, యార్డు మూశాక, గౌతమ్ పడవలోకి దిగాడు. లోపల బయటికన్నా చలి. గోడ వెంట నీళ్ళు కారుతున్నాయి. పాండురంగ రెండు జాకెట్లు తొడుక్కుని దుప్పట్లో కూర్చున్నాడు. పొయ్యి శుభ్రంగా తుడిచి ఉంది.

"అంటించన్నా, చచ్చిపోతావ్."

"ఎవరి కోసం?"

"నీ కోసం. అలారం బతికే ఉందిగా."

"ఉన్నది. బ్యాటరీ రోజు చూస్త." పాండురంగ పక్కకు జరిగి చోటిచ్చాడు. "బ్రెడ్ ఉన్నది, తింటవా?"

"తాలింపు పెట్టడం మానేశావా పూర్తిగా?"

"నోట్ల పెట్టుకుంటే దిగుత లేదు తమ్మీ."

గౌతమ్ చదువు సగంలో వదిలేసినవాడు. ఉద్యోగం మారినప్పుడల్లా ఊరు మారినవాడు. ఒకచోట కాలు నిలవదు. ఆ రోజు అతను వచ్చిందీ అందుకే. పెర్త్‌లో గనుల దగ్గర పని దొరికింది, టికెట్ తీసేస్తానని చెప్పాడు. వెనక్కి వచ్చేది లేదన్నాడు. ఈ దేశంలో తడి తప్ప ఏముంది అన్నాడు. పాండురంగ అన్నీ విన్నాడు. మంచిదన్నాడు. గనుల్లో హెల్మెట్ తియ్యకు అన్నాడు. చాలాసేపు చేతులు రుద్దుకున్నాడు.

"కుసుమకు ఫోన్ చేసిన నిన్న" అన్నాడు చివరికి. "ఆ గుంటూరు పిల్లగాడైతే ఫరవాలేదన్నది. దవాఖానల నాకు బట్టలు తెచ్చిచ్చినవ్ గదా, అప్పుడు చూసిందట నిన్ను."

"దేనికి ఫరవాలేదు?"

"ఒకటడుగుత తమ్మీ. కాదంటే కాదని చెప్పు, ఏమనుకోను."

"అడుగన్నా."

"ఆదివారం నాతోని టకానిని రా. లైబ్రరీల కూసుంటం. నువ్వేం మాట్లాడక్కర్లే. ఫోన్ చూసుకో, పాటలినుకో. నిద్రొస్తే పండుకో... వద్దు, పండుకోకు, కుసుమ అడుగుతది. ఊకె మేలుకొని కూసో. ఇంకొకరు దొరికేదాక పెర్త్ పోకు."